గురజాడవారి ‘కాసులు’ : మూడు నాలుగుల లెక్క

మన గ్రంథాలయము తెఱచిన రెండవ యేట, సభ్యుల అభిప్రాయముల పుస్తకములో నేనొక మాట వ్రాసి క్రింద సంతకము చేసితిని. "గురజాడ అప్పారావుగారి ‘కాసులు’ చదివితిని. భావము బాగున్నది. పద్యము కాదు" అని ఆ వ్రాత. ఆ పుస్తక మిప్పటికిని బీరువాలో పై అరలో నున్నది. రజతోత్సవ సంచికకు ఏదైన చరిత్ర వ్యాసము వ్రాయుమని కార్యదర్శిగారు కోరినపుడు, ఊరి చరిత్ర వ్రాయుటకు నాకంటె పెద్దలున్నారు గనుక, నేను ‘పద్యము కాదు’ అన్న ఆ రెండు మాటల చరిత్ర వ్రాసెదనని చెప్పితిని. ఖాతాలో పద్దు వ్రాసినవాడే దానికి సమాధానము చెప్పవలెను గదా.

నాకు ఛందస్సు చెప్పిన గురువులు లేరు. మా తాతగారి అటకమీద చెదలు తినగా మిగిలిన లింగమగుంట తిమ్మకవి ‘సులక్షణసారము’ నాకు గురువు. తరువాత కాకునూరి అప్పకవి ‘అప్పకవీయము’ కొంత చూచితిని. పగలంతయు జమాఖర్చులు చూచుకొనువానికి ఛందస్సు త్వరగా పట్టుబడుటలో వింత లేదు, అదియును లెక్కయే. హ్రస్వాక్షర మొక మాత్ర, దీర్ఘము రెండు మాత్రలు. సున్న గలదియు, జంటయక్షరమునకు ముందున్నదియు రెండే. ‘మన’ అనునది రెండు మాత్రలు, ‘రామ’ మూడు, ‘కాసులు’ నాలుగు. మూలధన మింతే. దీనిపై కట్టుబాట్లు రెండు. పాదమున మొదటి యక్షరమునకు మైత్రి గల యక్షరము ఆ పాదములోనే నియమించిన చోట రావలెను. అది యతి, మనవారు వడి యందురు. నాలుగు పాదములందును రెండవ యక్షరమున ఒకే హల్లు ఉండవలెను, అది ప్రాస. మొదటి పాదమున రెండవ యక్షరము ‘ల’ అయినచో తక్కిన మూడింటను లకారమే రావలెను గాని ‘న’ వచ్చినచో పద్యము చెడినదే. సీసమునకు, ఆటవెలదికి, తేటగీతికి ప్రాస నియమము లేదు. వానికిని వడి తప్పదు.

ఈ కొలబద్దతో ‘కాసులు’ కొలిచితిని. ప్రాస లేదు. వడి కొన్నిచోట్ల తనంత వచ్చినది, కొన్నిచోట్ల లేదు. నేను నేర్చిన వృత్తములలో గాని, జాతులలో గాని, ఉపజాతులలో గాని దానికి పేరు దొరకలేదు. అందుచేత పద్యము కాదని తీర్పు వ్రాసితిని.

అంతకుముందు నేను చదివిన వలపు పద్యము లెట్టివో చెప్పిననే గాని నా తప్పు తెలియదు. నంది తిమ్మన ‘పారిజాతాపహరణము’ నాకు కంఠపాఠము వంటిది. ఐదాశ్వాసముల కావ్యము, 16వ శతాబ్దమున శ్రీకృష్ణదేవరాయల కంకిత మైనది. నారదుడు తెచ్చిన పారిజాత పుష్పమును కృష్ణుడు రుక్మిణి కిచ్చుట, అది విని సత్యభామ అలుక గృహము చేరుట, బ్రతిమాలుటకై పాదములకడ తల వంచిన కృష్ణుని ఆమె కాలితో తన్నుట, ఇదంతయు మనవారందఱు ఎఱిగిన కథయే. ఇట్టి ఘట్టములలో మన కవులు విరివిగా వాడునవి ఉత్పలమాల, చంపకమాల. ఉత్పలమాల పాదమునకు ఇరువది యక్షరములు, పదవ యక్షరము వడి. చంపకమాలకు ఇరువది యొకటి, పదునొకండవది వడి. అంత పొడుగు పాదములో అలంకారమునకు చోటు కావలసినంత. చేత పుస్తకము లేక చెవితో మాత్రమే వినువానికి, రెండవ యక్షరమున అదే హల్లు మరల వినబడగనే ‘ఇది క్రొత్త పాదము’ అని తెలియును. ప్రాస చేయు పెద్ద మేలు అదియే యని నా యభిప్రాయము. అది సభలో నిలిచి చదువదగిన పద్యము. అందు అలుకయు, బ్రతిమాలుటయు పదిమంది వినుచుండగా జరుగును.

అట్టి ప్రాసకు వెల కూడ నున్నది. నాలుగవ పాదమునకు హల్లు కుదురక కవి దూరముపోయి మాట తెచ్చుకొనుట మనము చూడనిది కాదు. పెద్ద కవి తెచ్చిన మాట ముందే అక్కడ నున్నట్లు కనబడును; చిన్న కవి తెచ్చినది అరువు సొమ్మని తెలిసిపోవును. నేనును మూడు వందల పద్యములు వ్రాసి చించివేసినవాడనే గనుక ఈ మాట సాహసించి చెప్పుచున్నాను.

ఇక 1910 సంవత్సరమునకు వత్తము. తెలుగు వలపు కవిత్వమునకు అది విచిత్రమైన సంవత్సరము. 18వ శతాబ్దమున తంజావూరి ఆస్థానమున ముద్దుపళని అను విదుషి రచించిన ‘రాధికాసాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మగారు పరిష్కరించి ఆ యేటనే వెలువరించిరి. మఱుసటి యేడు ప్రభుత్వము ఆ గ్రంథమును అశ్లీలమని నిషేధించెను. 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు. పాత శృంగార కావ్యమున కిట్టి గతి పట్టనున్న ఆ 1910లోనే, ‘ఆంధ్రభారతి’ పత్రికలో గురజాడవారి ‘ముత్యాల సరములు’ వెలువడినవి. హేలీ తోకచుక్క కనబడిన సంవత్సరము కూడ అదియే. ఆ గేయమున తోకచుక్క ప్రసక్తియు కలదు. క్రొత్తదనమును పాతదనమును మేలుగా కలిపి హారము గుచ్చెదనని కవి దాని మొదటనే చెప్పుకొనెను. ఛందస్సునకు ‘ముత్యాలసరము’ అను పేరు అక్కడినుండి వచ్చినదే. ఆ ఛందస్సులోనే ‘కాసులు’ను నడపెను.

అప్పారావుగారు 1862లో పుట్టి 1915లో విజయనగరమున గతించిరి. ‘కన్యాశుల్కము’ వ్రాసిన చేయియే ఇదియు వ్రాసినది. కన్యాశుల్కమున పెండ్లి యనగా రూకల బేరము. ఆ నాటకమును పెంచి తిరుగ వ్రాసిన ప్రతి 1909లో వచ్చినది. దాని వెంటనే ‘కాసులు’ వచ్చుట ఊరక జరిగినది కాదని నాకు తోచును.

విషయ మేమనగా, భార్య కోరిన కాసులను భర్త తెచ్చి ఇచ్చుచు ఆమెతో మాటలాడును. అందు సభ లేదు, రాజు లేడు, చెలికత్తెలు లేరు. మోహమును ప్రేమ యనుకొనవలదనియు, మోహము ఈడుతో పాటు తరలిపోవుననియు చెప్పును. కపటము లేని చెలిమియే ఆలికిని మగనికిని నడవదగిన దారి యనును. భర్తను దైవ మనుట పాతబడిన మాట, నేను నీకు స్నేహితుడ ననును. ఈ విద్యను నేర్పు వా రెవ్వరును లేరనియు, శాస్త్రములు కూడ దీనిని గూర్చి పలుకకున్నవనియు, తాను కవుల దయవలన నేర్చుకొంటిననియు చెప్పి, కాసులకంటె మేలైన నగలుగా ఆ ప్రేమనే ధరింపుమని కోరును.

శాస్త్రములు పలుకకున్నవని కవి చెప్పిన పుటమీదనే నేను లక్షణశాస్త్రము పట్టుకొని పెన్సిలుతో తప్పులు గుర్తించుచు కూర్చుంటిని. గ్రంథాలయ పుస్తకమున పెన్సిలు గీతలు పెట్టుట నేరమే, కార్యదర్శిగారు క్షమింతురుగాక. ఆ వ్రాత వ్రాసిన చాల ఏండ్లకు, ఒక ఆదివారపు గోష్ఠిలో వాదించుటకై మరల ఆ పుస్తకము ఇంటికి తెచ్చినప్పటి మాట ఇది. ఒక వానకాలపు సాయంకాలము నేను వీధిలోనికి పోయి వచ్చుసరికి, నా భార్య చేటలో బియ్యము ప్రక్కకు నెట్టి, ఆ పుస్తకము ఒడిలో నుంచుకొని చదువుకొనుచున్నది. ఆమె చదువు ఏడవ తరగతితో ఆగినది. గణములు, యతులు ఆమె యెఱుగదు. ఆమెకు వచ్చిన ఒక పెండ్లిపాట వరుసలో ఆ గేయమును మెల్లగా పాడుకొనుచున్నది. ఎక్కడను తట్టుపడలేదు. గడపలో నిలుచున్న నా వ్రేళ్లు నాకు తెలియకుండ ద్వారబంధముమీద దెబ్బ వేయసాగినవి: తకిట తకధిమి, తకిట తకధిమి. మూడు, నాలుగు, మూడు, నాలుగు.

నన్ను చూచి ఆమె పాట ఆపి, "ఈ గీతలన్నీ ఏమిటండీ?" అని యడిగినది.

"ప్రాస తప్పిన చోట్లు" అంటిని.

"ఆయన పెళ్లాంతో ఏం చెప్పాడో చదివారా మరి?"

"చదివితిని."

"మనకు పెళ్లయి పదిహేనేళ్లయింది. ఇందులో ఒక్క ముక్కయినా ఎప్పుడైనా నాతో అన్నారా?"

జవాబు చెప్పలేకపోతిని. అంతకు నాలుగేండ్ల క్రిందట ఇంటి యవసరమునకై ఆమె కాసులపేరు తాకట్టు పెట్టితిని. రెండేండ్లకు విడిపించి తెచ్చి చేతి కిచ్చినపుడు నే నన్న మాట, "అసలు, వడ్డీ తీరినవి, చూచుకో" అన్న దొక్కటే. ఆ పద్దు అక్కడితో మూసివేయబడిన దనియే అనుకొంటిని. ఆమె మాత్రము మూయలేదని ఆ సాయంకాలము తెలిసినది.

ఆ రాత్రి దీపము పెట్టుకొని మరల మొదటినుండి లెక్క కట్టితిని. ఈసారి గణముల పేర్లు వెదకలేదు. మాత్రలు మాత్రమే కట్టితిని. పాదమునకు పదునాలుగు మాత్రలు. అవి మూడును నాలుగును, మరల మూడును నాలుగునుగా విఱుగును. నాలుగవ పాదము సాధారణముగా కుఱుచ. అంతకు మించి రహస్యము లేదు. ఈ నడక మన లక్షణ గ్రంథములలో లేనిదియు కాదు. రగడలలో వృషభగతి యనునది కలదు. అందు పాదమునకు ఇరువది యెనిమిది మాత్రలు, మూడు నాలుగుల జంటలు నాలుగు. దానిని నడుమకు రెండుగా విఱిచినచో ముత్యాలసరపు పాదము వచ్చును. నేను సులక్షణసారమున రగడల పుటలు, అవి పరీక్షకు రాని పాఠములైనట్లు, త్రిప్పివేయుటచేత గాని ఆ పేరు నాకు ముందే దొరకవలసినది. రగడలో పాదములు జంటలుగా ప్రాసతో కట్టుబడియుండును. అప్పారావుగారు ఆ కట్టు విప్పి నడకను మాత్రము ఉంచుకొనిరి.

పారశీకపు గజలు నడకనుండి దీనిని తెచ్చిరని చెప్పువారును కలరు. కావచ్చును, వారు బహుభాషలు చెవిని పెట్టిన మనుష్యులు. చిన్ననాడే ఇంగ్లీషున ‘సారంగధర’ వ్రాసిరి. అయినను ఏడు మాత్రల నడక మన ఇండ్లలోనికి క్రొత్తగా రావలసిన పని లేదు. 17వ శతాబ్దపు క్షేత్రయ్య పదములలో పెక్కు త్రిపుట తాళమున నున్నవి. త్రిపుట యనగా మూడు, రెండు, రెండు, కూడిన ఏడే. మిశ్రచాపు తాళము సరిగా మూడు, నాలుగు. మువ్వగోపాలుని పేర నాయిక తన వలపు చెప్పుకొనినది ఈ ఏడింటిలోనే. స్త్రీల పాటలలోను ఈ వరుస వినబడుచునే యున్నది. కావ్యములలో వలపు ఇరువది యక్షరముల పాదములో నడచుచుండగా, పాటలో అది ఏడు మాత్రలతో నడచుచుండెను. పాటకు ఇంటిలోను, ఆటలోను, కచేరీలోను తావుండినది గాని, కవిత్వమని అచ్చువేసి ఛందస్సు పేరు పెట్టినవారు తక్కువ. అప్పారావుగారు పాట నడకను తెచ్చి మాటలాడు కవిత్వమునకు కూర్చిరి. నా భార్యకు నోట పలికినది నాకు కంటికి కనబడకపోవుటకు ఇదియే కారణము. నేను అక్షరములు చూచుచుంటిని; ఆమె పాట వినుచుండినది.

ప్రాస తీసివేసినచోట ఆయన ఏమి పెట్టెనన్నది అసలు ప్రశ్న. తీసివేయుట ఎవరైనను చేయుదురు. ఇంగ్లీషు చదివినవాడు గదా, పాదముల చివర అంత్యప్రాస నియమముగా పెట్టెనా యనిన, అదియు పెట్టలేదు. మోహమును గూర్చి చెప్పుచోట వరుసగా నాలుగు పాదములు మకారముతోనే మొదలగుచున్నవి. రెండవ యక్షరమున ఉండవలసిన బంధము మొదటి యక్షరమునకు జరిగినది. పైగా ‘మరులు’ అను మాట ప్రక్కనే ‘మరలు’ అను మాట వచ్చును. ఒక్క ఉకారము తప్ప రెండును ఒకటే. మోహమను మాటలోనే వెనుదిరుగుట దాగియున్నట్లు చెవికి తెలియును. పూర్వులు దీనిని చూచిన యమకపు చాయ యందురు. ప్రాస కొఱకు ఇది వచ్చినది కాదు. చెప్పవలసిన సంగతియే ఈ చప్పుడు చేయుచున్నది.

అక్కడికి దగ్గఱలోనే ‘ప్రేమ’ అను మాట రెండు పాదములలో నాలుగుసార్లు వచ్చును. నాలుగుసార్లును అది కూర్చున్న చోటు చూడుడు. ‘ప్రేమ’ మూడు మాత్రలు. ప్రతిసారియు ఏడింటి మొదటనున్న మూడింటి స్థానములోనే పడినది. ఆ వెనుక నాలుగు మాత్రలలో క్రియ యొకటి. ఇచ్చుట యని ఒక సగమున, వచ్చుట యని రెండవ సగమున. క్రింది పాదములో నిలుపుట, నిలుచుట. ఎడమవైపు ఖర్చు, కుడివైపు జమ. రెండు పాదములు రెండు పద్దులు. ఇంతకంటె శుభ్రమైన ఖాతా నేను వ్రాయలేదు, వ్రాసినవారిని చూడలేదు. ఇంకొక వింత: ‘ప్రేమ’ మూడు, ‘కాసులు’ నాలుగు. రెండును కలిపినచో ఈ గేయపు ఏడు నిండును. కవి ఇది తలచి చేసెనని నే ననను. లెక్కల మనుష్యుల కిట్టి పిచ్చి కొంత యుండును.

వృత్తములలో సామాన్యముగా వాక్యము పాదముతోనో పద్యముతోనో ముగింపునకు వచ్చును. ‘కాసులు’లో భర్త పాదము లెక్కచేయక మాటలాడును. ఈ కళ చెప్పు ‘ఒజ్జలు’ ఒక పాదపు చివర నుండగా, ‘లేరు’ అను మాట క్రింది పాదపు మొదట పడును. ఉన్నారు కాబోలు ననుకొని పాదము దిగినవానికి, లేరని తెలియును. శాస్త్రముల ‘మౌనము’ సరిగా ఒక ఏడింటి చివర పడి వాక్య మక్కడ ఆగిపోవును. తరువాతి ఏడింట ‘నేను’ అని భర్త తన మాట ఎత్తుకొనును. శాస్త్రములు ఊరకొన్న తావున ఒక మనుష్యుడు నోరు తెఱచుచున్నాడు. నా పెన్సిలు గీతలలో ఒకటి సరిగా అక్కడనే యుండెను, వడి తప్పినదని.

ప్రాస బంధించిన పద్యములో ఈ పని సాధ్యము కాదా యనిన, సాధ్యమే. తిక్కనగారు సంభాషణలు నడపలేదా? కాని భార్యాభర్తలు ఇంటిలో కూర్చుండి, ఒకరికొకరు తగ్గకుండ మాటలాడుకొను తీరునకు, ఊపిరి పీల్చుటకు ఏడింటి కొకచోట ఆగనిచ్చు ఈ నడక మిక్కిలి అనువైనది. నేను నీకు దైవమును కాను, స్నేహితుడ ననువాడు శార్దూలవిక్రీడితమున చెప్పినచో ఆ మాట ఎవరు నమ్మెదరు?

ఇంత ఒప్పుకొనినను ఒక్క ఫిర్యాదు మిగిలియున్నది. అది అప్పారావుగారిమీద కాదు. ప్రాస విడిచిన పిదప లెక్కయు విడువవచ్చునని తలచి, వాక్యములను ముక్కలు చేసి క్రిందికి దింపి గేయమని చెప్పువారు తరువాత చాలమంది బయలుదేరిరి. వచన కవితయని చెప్పి వ్రాసిన మంచివి వేఱు; వానితో నాకు తగవు లేదు. గేయమని పేరు పెట్టినపుడు మాత్రము, ఒక చేత చేట పట్టుకొని రెండవ చేత పుస్తకము పట్టుకొని చదువు మనిషికి అది తట్టుపడకుండ నడవవలెను. మన గ్రంథాలయమునకు వచ్చు పిల్లలు ‘కాసులు’ తీసికొని బల్లమీద వ్రేళ్లతో కొట్టుకొనుచు చదువుదురుగాక. తకిట తకధిమి చాలును, సులక్షణసారము తరువాత చూచుకొనవచ్చును.

అభిప్రాయముల పుస్తకములోని నా పాత వ్రాతను కొట్టివేయలేదు. పద్దు తప్పిపోయినపుడు గీకి చెఱుపరాదు. క్రింద సవరణ వ్రాసి, తేదీ వేసి, సంతకము చేయవలెను. ఈ వ్యాసము కార్యదర్శిగారి కిచ్చుటకు ముందు ఆ పుస్తకము ఒక పూటకు అడిగి ఇంటికి తెచ్చుకొంటిని. "పై వ్రాత తప్పు. పాదమునకు మాత్రలు పదునాలుగు, విఱుపు మూడు నాలుగులు. పద్యమే" అని వ్రాసి, మా యింటిలో చదివి వినిపించి, తరువాత సంతకము పెట్టితిని.